నవల ముగింపు దగ్గర ఆగిపోయాను: పెద్దజాలరిపేట కుర్రాళ్ళిద్దరి కథ, సలహా చెప్పండి

ఉప్పుగాలి

అందరికీ నమస్కారం. ఇక్కడ చదివి పోవడమే గానీ రాయడం నాకు అలవాటు లేదు. నాలుగేళ్ళుగా ఒక నవల రాస్తున్నాను. చివరి మూడు అధ్యాయాల దగ్గర బండి ఆగిపోయింది. ఇంట్లో వాళ్ళకిచ్చి చదివించే కథ కాదు, అందుకే ఇక్కడికి తెచ్చాను.

క్లుప్తంగా కథ ఇది. శేఖర్, నూకరాజు 1984లో పుట్టిన పిల్లలు. శేఖర్ వాళ్ళ నాన్న వైజాగ్ పోర్టులో గుమాస్తా, పెదవాల్తేరులో అద్దెకుంటారు. నూకరాజుది పెద్దజాలరిపేట, వేటకెళ్ళే ఇల్లు. ఒకే బడి, ఒకే బెంచీ. శేఖర్‌కి ఈత నేర్పింది నూకరాజు, నూకరాజు చేత ఎక్కాలు బట్టీ పట్టించింది శేఖర్. ఒకర్నొకరు ‘బావా’ అనుకునేవాళ్ళు. 1999లో పదో తరగతి పరీక్షలయ్యాక, వేసవిలో, డాబా మీద పడుకున్న ఒక రాత్రి అది ఉత్త స్నేహం కాదని ఇద్దరికీ తెలుస్తుంది. ఏమీ జరగదు. నూకరాజు శేఖర్ చెయ్యి తీసి తన గుండెల మీద పెట్టుకుని పడుకుంటాడు, అంతే. తెల్లారగట్ల నీళ్ళ ట్యాంకు చూడ్డానికి పైకొచ్చిన శేఖర్ నాన్న చూస్తాడు. జూన్‌కల్లా శేఖర్ హైదరాబాదులో ఇంటర్ హాస్టల్లో ఉంటాడు.

పదిహేనేళ్ళ తర్వాత, 2014 దసరా సెలవులకి శేఖర్ వైజాగ్ వస్తాడు. నూకరాజుకి పెళ్ళయింది, ఆరేళ్ళ కూతురు. ఇద్దరూ మళ్ళీ దగ్గరవుతారు. అక్టోబర్ 12న, హుద్‌హుద్ తుఫాను రోజు, నూకరాజు వేటకెళ్ళి తిరిగి రాడు. శేఖర్ ఒడ్డున నిలబడి ఉండగా నవల అయిపోతుంది.

రాసిన వారం రోజులూ బాగానే ఏడ్చాను. ఆ తర్వాత చదివితే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఎక్కడ తప్పిందో తెలియడం లేదు. మొదటి ఆరు అధ్యాయాలూ, చివరి మూడూ ఫైళ్ళ విభాగంలో పెట్టాను.

వన్‌టౌన్ వాసి

ఆఫీసు క్యాబ్‌లో చదివాను. మురీ మిక్చర్ సీను చదువుతూ పక్కాయన చూస్తుంటే మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. బీచ్‌లో ఒకే పొట్లం, మరమరాలయిపోయాక అడుగున మిగిలిన ఉల్లిపాయ ముక్కలూ నిమ్మరసమూ ఎవరికని పేచీ, చివరికి కాగితం చింపి చెరి సగం నాకడం. ఇది కల్పించి రాసింది కాదు, మీరు నాకిన కాగితమే. ఒప్పుకోండి.

ముగింపు గురించి పెద్దలు చెప్తారు.

పాతపుస్తకం

చిన్నతనం భాగం బాగుంది. ముఖ్యంగా తెప్ప మీద కూర్చున్నప్పుడు శేఖర్‌కి వాంతి వచ్చి, అది ఎవరికీ చెప్పనని నూకరాజు పోలమాంబ మీద ఒట్టేసే చోటు. పెద్దయ్యాక అదే మనిషి ఇంకో సంగతి ఎవరికీ చెప్పకుండా దాచుకుంటాడు. మీరు ఆ రెండూ ఎక్కడా కలపలేదు, అదే మంచిదయింది.

2014లోకి వచ్చాక మాత్రం మనుషులు మాట్లాడ్డం మానేసి ఉపన్యాసాలిస్తున్నారు. శేఖర్ వాళ్ళమ్మతో “అమ్మా, నేను స్వలింగ సంపర్కుణ్ణి” అంటాడు. ఏ కొడుకండీ వంటింట్లో నిలబడి ఆ మాటనేది? ఏడు గంటల వార్తలు చదివినట్టుంది. పైగా ‘సంపర్కం’ అనగానే ప్రేమ సంగతి పక్కకి పోయి, ఏదో అంటువ్యాధి గురించి చెప్తున్నట్టు వినిపిస్తుంది.

ఉప్పుగాలి

మరేం రాయమంటారు? ‘గే’ అంటే ఆవిడకి అర్థం కాదు. వీధిలో వాడే మాటలన్నీ తిట్లే. ‘తేడా’ అని శేఖర్ తన గురించి తను చెప్పుకోడు కదా. తెలుగులో నాకు మాట దొరకలేదు, అందుకే నిఘంటువు వైపు వెళ్ళాను.

ఉక్కు కుర్రాడు

పేరు చూసి మోసపోకండి, నాకు 52. ఉక్కునగరంలో పెరిగాను.

మా అమ్మకి నేను 34వ ఏట చెప్పాను. ఏ మాటా వాడలేదు. “ఇంక సంబంధాలు చూడకమ్మా, నాకు ఆడపిల్లల మీద అలాంటి మనసు లేదు, ఎప్పుడూ లేదు” అన్నాను. ఆవిడ చిక్కుళ్ళు తుంచుతోంది. తుంచుతూనే చాలాసేపు ఊరుకుంది. తర్వాత “ఉద్యోగం ఏమీ పోలేదు కదా?” అంది. లేదన్నాను. “అయితే సరే, కాళ్ళు కడుక్కో” అంది. ఆ రోజుకి అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తడానికి రెండేళ్ళు పట్టింది, అదీ ఆవిడే ఎత్తింది.

శేఖర్‌కి మాట వెతక్కండి. వాడు తడబడితే చాలు.

వలమనిషి

నేను జాలరి ఇంట్లో పుట్టినవాణ్ణి. ఇప్పుడు వేటకెళ్ళను, మా అన్నలు వెళ్తారు.

మీ ముగింపు ఎందుకు నమ్మబుద్ధి కావట్లేదో చెప్తాను. హుద్‌హుద్ రోజు మా పేటలో ఎవడూ వేటకెళ్ళలేదు. ముందు నుంచే మైకుల్లో చెప్తున్నారు, సముద్రంలో ఉన్నవాళ్ళంతా వెనక్కొచ్చేశారు. అయినా మావాళ్ళకి మైకు ఎందుకు? నీటి రంగు చూస్తే తెలుస్తుంది. గంటకు 180 కిలోమీటర్లు దాటిన గాలిలోకి, ఇంట్లో ఆరేళ్ళ పిల్లని పెట్టుకుని, ఏ నూకరాజూ తెప్ప దింపడు. దింపితే వాణ్ణి మా వీధిలో ప్రేమికుడనరు, ఎర్రోడంటారు.

ఆ రోజు పోయింది బోట్లు. హార్బర్లో కట్టిన బోట్లు ఒకదాన్నొకటి గుద్దుకుని పగిలిపోయాయి, మునిగాయి. మా ఒడ్డున లాగి పెట్టిన తెప్పలు ఎవడిది ఎక్కడ తేలిందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంకోటి, మీరు రాసినట్టు పొద్దుట నుంచి రాత్రి దాకా గాలి ఒకేలా కొట్టలేదు. మధ్యాహ్నం కాసేపు చప్పున ఆగింది. తుఫాను కన్ను మన మీదుగా పోతోందన్నమాట. అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు. తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్ళీ మొదలెట్టింది, అంతవరకూ నిలబడ్డ చెట్లు అప్పుడు పోయాయి.

చివరిగా ఒక మాట, కోపం వద్దు. సినిమాల్లోనూ కథల్లోనూ జాలరోడు కనిపిస్తే చాలు, ముంచేస్తారు. మా నాన్న 71 ఏళ్ళు బతికి షుగర్‌తో పోయాడు.

పాతపుస్తకం

ఆ ఆఖరి మాటకి రెండు చేతులూ ఎత్తి దండం. దాంతోపాటు, ఇద్దరు మగవాళ్ళు ప్రేమించుకున్న కథ అనగానే ఒకణ్ణి చంపేస్తే రచయితకి బోలెడు హాయి. ఆ తర్వాత వాళ్ళు సోమవారం పొద్దున ఏం చేస్తారో రాయక్కర్లేదు.

వన్‌టౌన్ వాసి

తుఫాన్ని వెనక నుంచి తీసి ముందు పెట్టేయండి! శేఖర్ దసరాకి రానే రాలేదు. హైదరాబాదులో ఉన్నాడు. ఆదివారం మధ్యాహ్నం నుంచి అమ్మ ఫోను కలవదు. ఊళ్ళో ఎవరి ఫోనూ కలవదు, టవర్లు పడిపోయాయి. విమానం లేదు, ఎయిర్‌పోర్టు పైకప్పే లేచిపోయింది. పడుతూ లేస్తూ ఏదో బస్సులో మంగళవారానికి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగుతాడు. అక్కణ్ణుంచి సిరిపురం మీదుగా పెదవాల్తేరుకి నడక, రోడ్డు నిండా చెట్లు. యూనివర్సిటీ చెట్లు అలా వేళ్ళతో సహా పడుకోవడం చూసి నేను నడిరోడ్డు మీద కూర్చుండిపోయాను. ఆకు అన్నది లేదు, కొండలన్నీ కాల్చినట్టు గోధుమరంగులో ఉన్నాయి. తెలిసిన ఊళ్ళో దారి తప్పాను ఆ రోజు, గుర్తులుగా పెట్టుకున్న చెట్లు లేక.

ఇంటి ముందు పడిన చెట్టుని ఎవడో రంపంతో కోస్తున్నాడు. ఎవడో చెప్పాలా?

ఉప్పుగాలి

చెప్పక్కర్లేదు. 120 పేజీలు చెత్తబుట్టలోకి పోయాయని మాత్రం మా ఇంట్లో ఎవరికీ చెప్పకండి.

వలమనిషి గారూ, కోపమేమిటండీ. నూకరాజు బతికాడు, మీ పుణ్యమే.

కోర్టు కాకి

బతికించారు బాగుంది. తేదీ మారింది కాబట్టి ఇంకో సంగతి కలుపుకోండి. ఢిల్లీ హైకోర్టు 2009 జూలై 2న, స్వలింగ సంబంధాల్ని నేరం చేసిన 377వ సెక్షన్‌ని పెద్దలిద్దరి ఇష్టప్రకారం జరిగే వాటికి వర్తించదంది. సుప్రీంకోర్టు 2013 డిసెంబర్ 11న ఆ తీర్పుని కొట్టేసింది. అంటే మీ శేఖర్ వైజాగ్‌లో బస్సు దిగేసరికి పది నెలలైంది మళ్ళీ నేరం అయి. నాలుగేళ్ళు ఊపిరి పీల్చుకుని, మళ్ళీ దొంగలా బతకాల్సి వచ్చిన మనిషి అతను. ఇది అతని నడకలో, హోటల్లో గది అడిగే గొంతులో ఉండాలి. అది నేరం కాదని సుప్రీంకోర్టే చెప్పిన 2018 సెప్టెంబర్ 6 ఇంకా రాలేదు, వస్తుందని అతనికి తెలీదు. మీ చివరి అధ్యాయంలో శేఖర్ “రేపు కాలం మారుతుంది” అంటున్నాడు, ఆ డైలాగ్ 2018 తర్వాత కూర్చున్న మీది, అతనిది కాదు.

ఉక్కు కుర్రాడు

2013 తీర్పు రోజు నేను క్యాంటీన్‌లో ఉన్నాను. టీవీలో వస్తోంది. పక్కవాడు “మంచి పని చేశారు” అని సాంబార్ పోసుకున్నాడు. నేను కూడా పోసుకున్నాను.

వలమనిషి

నూకరాజుకి ఆ తీర్పులేవీ తెలియాల్సిన పని లేదని నా అభిప్రాయం. వాడి భయం పోలీసు కాదు. వీధి.

నిజం మాట్లాడతా

ఇవన్నీ మన సంస్కృతిలో లేవు. విదేశాల నుంచి దిగుమతి అయిన రోగాలు. వైజాగ్ పేరు పాడుచేయకండి.

కోర్టు కాకి

దిగుమతి అయింది సెక్షనండీ బాబూ. 1860లో తెల్లవాళ్ళు రాసిచ్చారు.

నిర్వాహకుడు

‘నిజం మాట్లాడతా’ పెట్టిన తర్వాతి రెండు పోస్టులు తీసేశాను. నవల గురించి మాట్లాడండి. నచ్చకపోతే వంటల విభాగం ఖాళీగానే ఉంది.

గోరింట

రెండు రోజులుగా చూస్తున్నాను, ఒక్కరైనా అడుగుతారేమోనని. నూకరాజు పెళ్ళాం పేరేమిటి?

తొమ్మిది అధ్యాయాలు చదివాను. ‘నూకరాజు భార్య టీ తెచ్చింది’, ‘నూకరాజు భార్య లోపలికి వెళ్ళింది’. ఆవిడ పని టీ తేవడం, లోపలికి వెళ్ళడం. ఆ ఇంట్లో చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని అమ్మేది ఆవిడే అయ్యుంటుంది, ఇంటి లెక్కలు ఆవిడవే అయ్యుంటాయి. వీళ్ళిద్దరూ డాబా ఎక్కి నక్షత్రాలు చూస్తుంటే కింద నీళ్ళ కోసం ట్యాంకరు దగ్గర నిలబడింది ఎవరు? ఆరేడేళ్ళు ఒక మంచం మీద పడుకున్న మనిషి. మొగుడి మనసు తన దగ్గర లేదని పెళ్ళయిన నెలకే తెలిసి ఉంటుంది. ఎక్కడుందో తెలియకపోవచ్చు.

శేఖర్‌కి జరిగింది అన్యాయమే, కాదనను. కానీ ఆ పిల్లకి జరిగిన అన్యాయం మీద వీళ్ళ ప్రేమకథ కట్టి, ఆవిడకి పేరు కూడా పెట్టకపోతే ఎలా?

ఉప్పుగాలి

పోలమ్మ. ఇప్పుడే పెట్టాను. సిగ్గుగా ఉంది.

ఉక్కు కుర్రాడు

గోరింట గారూ, మీరన్నది నాకు తగిలింది, తగలాల్సిందే.

నాకూ ఒక నూకరాజు ఉన్నాడు. పేరొద్దు. సెక్టార్లో పక్క క్వార్టర్. ఇద్దరం రాత్రిళ్ళు నైట్ షిఫ్ట్ సైరన్ దాకా గోడ మీద కూర్చునేవాళ్ళం. వాడి పెళ్ళికి తోడు పెళ్ళికొడుకు నేనే. బాసికం దారం బిగుసుకుపోయి నుదుటి మీద గీత పడుతుంటే, వెనక నుంచి నేను వదులు చేశాను. వేళ్ళు వణికి ముడి రాలేదు. వాడు తల తిప్పకుండా “మెల్లిగా, తొందరేం లేదు” అన్నాడు. మా ఇద్దరి మధ్య జరిగిన ప్రేమ సంభాషణ మొత్తం అదే.

వాడి భార్య మంచావిడ. ఆవిడకి తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. వాళ్ళింటికెళ్తే నాకు పెరుగు గడ్డపెరుగు చూసి వేస్తుంది.

పాతపుస్తకం

అయ్యా, నవల మీరు రాయాల్సింది.

వలమనిషి

ఉక్కు గారి పోస్టు చదివాక ఇది రాయాలో వద్దో అని ఆగాను. రాస్తున్నా. శేఖర్ వాళ్ళింట్లో నూకరాజు మంచినీళ్ళు ఏ గ్లాసులో తాగేవాడు? మీరు రాయలేదు. నేను చదువుకునేటప్పుడు ఒక స్నేహితుడింట్లో నాకు గట్టు మీద బోర్లించిన స్టీలు గ్లాసు ఒకటి విడిగా ఉండేది. వాళ్ళమ్మ చెడ్డది కాదు, పండక్కి బూరెలు పెట్టేది. గ్లాసు మాత్రం అదే. డాబా మీద ఆ రాత్రి శేఖర్ నాన్నకి ఏది ఎక్కువ మండింది? పక్కన పడుకున్నది మగపిల్లాడనా, జాలరి పిల్లాడనా? నాకు తెలిసి ఆయనకే తెలిసుండదు.

ఇంకోటి. నూకరాజు శేఖర్‌తో హైదరాబాదు వెళ్ళిపోతాడని మాత్రం రాయకండి. వెళ్ళడు. వేట లేని రోజుల్లో శేఖర్ రావచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు నిషేధం, మనుషులు ఇంటి పట్టునే ఉంటారు. 2015 నుంచి అన్ని రోజులయ్యాయి, అంతకుముందు ఇంకా తక్కువ.

గోరింట

61 రోజులు మొగుణ్ణి అరువిస్తుందా పోలమ్మ?

వలమనిషి

అలా అడిగితే నా దగ్గర జవాబు లేదు.

వన్‌టౌన్ వాసి

నాదొక చిన్న సందేహం. పదిహేనేళ్ళ తర్వాత కలిసినప్పుడు నూకరాజు “శేఖర్ గారూ, ఎప్పుడొచ్చారు?” అంటాడు. ‘గారూ’ దగ్గర నా గుండె జారింది. ఒరే అనుకున్న మనుషులు మీరు అనుకోవడమంత దూరం ఇంకోటి లేదు. కానీ ‘బావా’ మళ్ళీ ఎప్పుడొస్తుంది? పాత ముగింపులో శేఖర్ సముద్రం వైపు తిరిగి “బావా!” అని అరుస్తాడు. ఇప్పుడు నూకరాజు బతికున్నాడు కాబట్టి అరవక్కర్లేదు. మా వీధిలో మగాళ్ళు పాలవాణ్ణి కూడా బావా అంటారు. అంత చవకైన పిలుపు వీళ్ళిద్దరికీ నోరు రాకుండా పోవడమే ఈ కథ అని నాకనిపిస్తోంది. అది మామూలుగా తిరిగొస్తే తేలిపోతుంది.

గోరింట

దీనికి జవాబు ఉంది, పోలమ్మ దగ్గర.

మొగుడి స్నేహితుణ్ణి మనం ఏమని పిలుస్తాం? అన్నయ్యా అంటాం. ఎవరూ నేర్పరు, అలా వచ్చేస్తుంది. పోలమ్మ శేఖర్‌ని “అన్నయ్యా” అన్న క్షణం వరస కట్టండి. చెల్లెలి మొగుడు శేఖర్‌కి ఏమవుతాడు? బావే కదా. పిల్లకి మేనమామ. వీళ్ళిద్దరూ పదిహేనేళ్ళుగా నోట్లోంచి రాక మింగిన మాటని ఆవిడ వరస కలిపి, వీధంతా వినేలా, చేతిలో పెడుతుంది.

ఆవిడ తెలిసే అందా, మామూలుగా అందా? చెప్పకండి. తెలిసి అంటే అందులో రెండూ ఉన్నాయి. ఈ ఇంటికి రా అని పిలుపూ ఉంది, నేను నీకు చెల్లెల్ని, గుర్తుపెట్టుకో అన్న గీతా ఉంది.

కోర్టు కాకి

నేను పెట్టిన తేదీలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

పాతపుస్తకం

తేదీలు ఉండనివ్వండి. వరస మాత్రం గోరింట గారిదే. అది రాసి పెట్టండి ఉప్పుగాలి గారూ, మిగతా సలహాలు ఆపేద్దాం.

ఉప్పుగాలి

నాలుగు రోజులు పట్టింది. ఇదీ కొత్త ఎనిమిదో అధ్యాయంలో ముక్క. తుఫాను తర్వాత ఎనిమిదో రోజు. కరెంటు ఇంకా రాలేదు.

*గుమ్మం దగ్గర శేఖర్ చెప్పులు విప్పాడు. విప్పాక ఏం చెయ్యాలో తెలియలేదు. నూకరాజు కొవ్వొత్తి పక్కన కూర్చుని చిరిగిన వల ఒళ్ళో వేసుకుని కుడుతున్నాడు. సూది ఆగింది గానీ తల ఎత్తలేదు.*

*“ఎవరూ?” లోపల నుంచి పోలమ్మ గొంతు. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. శేఖర్‌ని చూసింది. నూకరాజుని చూసింది. ఆగిపోయిన సూదిని చూసింది.*

*“ఏటన్నయ్యా, గుమ్మంలోనే నిలబడిపోనావు? లోపలికి రా. మీ బావకి మాటాడ్డం రాదు గానీ నువ్వు కూకో.”*

*చిన్నది తలుపు చాటు నుంచి తొంగి చూసింది. “మావయ్యే, దండం ఎట్టు” అంది పోలమ్మ, అని లోపలికెళ్ళిపోయింది. గిన్నె మీద మూత తీసిన చప్పుడు. పచ్చి కోనెం పులుసు వాసన.*

*నూకరాజు వల మీద ముడి వేశాడు. దారం పంటితో తెంపాడు.*

*“కూకో బావా” అన్నాడు, వలతో.*

ఉక్కు కుర్రాడు

‘వలతో’.

రేపు వాళ్ళింటికి భోజనానికెళ్తున్నాను. ముందే అనుకున్నదే, దీని వల్ల కాదు.

వన్‌టౌన్ వాసి

క్యాబ్‌లో మళ్ళీ కిటికీ వైపు.

గోరింట

ఆగిపోయిన సూదిని చూసింది. చాలు, ఇంక ఆవిడ గురించి నేను మాట్లాడను.

వలమనిషి

అన్నీ బాగున్నాయి. కానీ ఎనిమిది రోజులుగా బోటు కదల్లేదు, ఐసు లేదు, కరెంటు లేదు. పచ్చి కోనెం ఎక్కణ్ణుంచి వచ్చిందండీ ఆ ఇంట్లోకి? కోనెం మామూలు రోజుల్లోనే మావాళ్ళు తినరు, అమ్ముకుంటారు. ఎండు నెత్తళ్ళు, వంకాయ పెట్టండి. అటక మీద డబ్బాలో ఉంటాయి, తుఫానుకి తడవవు.

ఉప్పుగాలి

మార్చాను. ఎండు నెత్తళ్ళు, వంకాయ. వంకాయ ఆ వారం ఎంతకి అమ్మారో ఎవరికైనా గుర్తుందా?